మామగారు ఎన్నడూ చూడని ఊరు

దయ్యాలను నమ్మే ఇంట్లో నేను పుట్టలేదు. అలాంటి ఇంటికి కోడలిగానూ వెళ్ళలేదు. మా నాన్న కోట అనే ఊళ్ళో మిషన్ బడి పంతులు. చిన్నప్పుడు పెరట్లో ఏదో కదిలిందని నేను ఏడిస్తే, లాంతరు చేతికిచ్చి "పోయి చూసి రా" అనేవాడు. పోయి చూస్తే ఎప్పుడూ పిల్లో, గాలికి ఊగే చాపో కనిపించేది. పెద్దయ్యాక నేనూ పంతులమ్మనే అయ్యాను. మైపాడు బడిలో చాలా ఏళ్ళు లెక్కలు చెప్పాను. పిల్లలు ఇసుక దిబ్బల్లో కొరివి దయ్యాన్ని చూశామని వస్తే, కూర్చోబెట్టి అది ఏమై ఉంటుందో విడమరిచి చెప్పేదాన్ని.

ఇప్పటికీ నేను నమ్మను. మీరు నమ్మాలని కూడా అడగను. నాకు జరిగింది, నేను చూసింది, నాకు ఇతరులు చెప్పింది వేరువేరుగా రాస్తాను. తేల్చుకోవడం మీ ఇష్టం.

మా ఆయన పేరు రత్నం. మా పెళ్ళయిన మరుసటేడు ఆయన మద్రాసులో ఒక తెలుగు అచ్చాఫీసులో చేరారు. సీసపు అక్షరాలు ఏరి వరసగా పేర్చే పని. అప్పట్లో తెలుగు పుస్తకాలు చాలావరకు మద్రాసులోనే అచ్చయ్యేవి. మా జిల్లా కుర్రాళ్ళు ఆ పనికి చాలామంది వెళ్ళేవారు, నలుగురైదుగురు కలిసి ఒక గదిలో సర్దుకునేవారు. వేరే ఇల్లు దొరికాక నన్ను తీసుకుపోవాలని అనుకున్నాం. అప్పటిదాకా నేను మైపాడులో మామగారి దగ్గర ఉండి బడికి వెళ్ళేదాన్ని. అత్తగారు నా పెళ్ళికి ముందే పోయారు. ఇంట్లో మేమిద్దరమే.

మామగారి పేరు ఏసోబు. పడవలు చేసేవారు. మా తీరంలో అలల మీద నడిపే పడవలకు ఇనప మేకులు ఉండవు. పలకల అంచులకు చిల్లులు పెట్టి, కొబ్బరి తాడుతో బట్ట కుట్టినట్టు కుడతారు. అల వచ్చి కొడితే పడవ వంగుతుంది గాని పగలదు. ఆ కుట్టులో మామగారి చెయ్యి గట్టిదని పక్క ఊళ్ళ వాళ్ళు వచ్చి పిలుచుకుపోయేవాళ్ళు. మనిషి పొడుగు. నడుస్తుంటే కొంచెం ముందుకు వంగేవారు. ఎడమచేతి వాటం. కుర్రతనంలో కొయ్య చెక్కే బాడిస తగిలి కుడిచేతి చూపుడు వేలు సగానికి తెగిపోయింది. ఆయన దక్షిణంగా నెల్లూరు అవతలి వెంకటాచలం దాటి ఎన్నడూ పోలేదు. అక్కడికైనా ఏదో పెళ్ళికి ఒక్కసారి వెళ్ళి, "అబ్బ, ఎంత దూరమబ్బా" అనుకుంటూ తిరిగి వచ్చారట. ఆ సంగతి ఆయనే చెప్పి నవ్వేవారు.

రత్నం మొదట్లో నెలనెలా వచ్చేవారు. తర్వాత రెండు మూడు నెలలకొకసారి. చివరిసారి క్రిస్మసుకు వచ్చినప్పుడు మనిషి సగమై ఉన్నారు. జలుబు పట్టిందని, నాకు అంటుకుంటుందని వసారాలో వేరే పడుకున్నారు. తాగిన గ్లాసు తనే కడుక్కుని వేరుగా పెట్టుకున్నారు. వెళ్ళేటప్పుడు వాళ్ళ నాయన చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ తర్వాత రాలేదు. ఉత్తరాలు తగ్గాయి, ఆగిపోయాయి. నేను రాసినవి తిరిగొచ్చాయి.

వేసవి మొదట్లోనే వెళ్ళి వెతకాలనుకున్నాం. ఇంతలో మామగారు జబ్బుపడ్డారు. ఆయన లేచి తిరిగేసరికి బడికి సెలవులిచ్చే రోజులొచ్చాయి. నేనొక్కదాన్నే వెళ్తానంటే ఆయన ఒప్పుకోలేదు.

"ఒక్కదానివి ఆ ఊళ్ళో యాడ తిరగతావమ్మా? నాకేం కాలేదు. నేనొస్తా" అన్నారు.

ఆయనకు ఇంకా కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి. అయినా ఇద్దరం నెల్లూరు వెళ్ళి రైలెక్కాం. చైనాతో యుద్ధం రాకముందు వేసవి అది.

మద్రాసులో మా పెద్దమ్మ కూతురు కరుణక్క పెరంబూరులో ఉండేది. వాళ్ళాయనకు రైల్వేలో పని, వెంట తిరగడానికి తీరికలేదు. పొద్దున్నే కరుణక్క ఇచ్చిన చద్దన్నం తిని నేనూ మామగారూ బయల్దేరేవాళ్ళం, సాయంత్రానికి తిరిగి వచ్చేవాళ్ళం. మధ్యలో అంతా నడకే. బస్సు ఎక్కితే ఎక్కడ దిగాలో మాకు తెలిసేది కాదు.

ఆ ఊరికి మామగారు భయపడ్డారు. తుఫానులో తెప్ప మీద పోయి వచ్చిన మనిషి, బస్సు హారను వినపడితే రోడ్డు నడిమధ్య ఆగిపోయేవారు. ఎదురొచ్చిన ప్రతి మనిషికీ పక్కకు తప్పుకుని మురుగుకాలువ అంచున నడిచేవారు. నా చేతిసంచి కొస పట్టుకుని నా వెనకే వచ్చేవారు. "ఈ ఊళ్ళో మన్ను యాడా కనపడదేందమ్మా" అన్నారొకసారి. బేసిన్ బ్రిడ్జి దగ్గర కాలువలో మా వైపు నుంచి సరుగుడు కట్టెలు వేసుకొచ్చిన పడవలు కనిపిస్తే మాత్రం ఆయన ముఖం విప్పారింది. గట్టు దిగి వెళ్ళి ఒక పడవను చేత్తో తట్టి చూసి వచ్చారు.

మొదట అచ్చాఫీసుకు వెళ్ళాం. జార్జిటౌనులో ఒక్కో వీధికి ఒక్కో సరుకు. ఒక వీధి నిండా కాగితం బేళ్ళు, ఇంకో వీధిలో ఇత్తడి బిందెలు, దాని పక్క వీధిలో ఎండుమిరప ఘాటుకు కళ్ళు మండేవి. మింట్ వీధి పొడుగునా నేతి మిఠాయి వాసన. అచ్చాఫీసు మేస్త్రీ మంచి మనిషే. "రత్నం రావడం మానేసి చాలా రోజులైందమ్మా. దగ్గు ఎక్కువగా ఉండేది. డాక్టరుకు చూపించుకోమన్నాం. ఒకరోజు రాలేదు, అంతే" అన్నాడు. ఆయన ఉండే గది కొండితోపులో ఉందని దారి చెప్పాడు.

కొండితోపులో ఆ గదిలో ఇంకా ఉన్న ఒంగోలు వైపు కుర్రాడు మేమెవరమో విని గుమ్మంలోకి వచ్చాడు. తర్వాత చెప్పాడు. దగ్గులో నెత్తురు పడుతోందని, ఇంటివాళ్ళు గొడవ చేశారని, తమకు అంటుకోకూడదని ఆయనే పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడని. ఊరికి పొమ్మంటే "ఇంట్లో ఆడమనిషి ఉంది, ఈ రోగం తీసుకుని ఎలా పోతాను" అన్నాడట.

క్షయ అని నాకు అక్కడ తెలిసింది. గడప మీద కూర్చుండిపోయాను. మామగారు నా తల మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

అక్కడినుంచి వాషర్‌మన్‌పేట. ఒక పూటకూళ్ళావిడ ఆయన్ను గుర్తుపట్టింది. కొన్నాళ్ళు తిన్నాడు, మిగతావాళ్ళు అతని పక్కన కూర్చోం అన్నారు, మానేశాడు అంది. అక్కడినుంచి ఒక సాయిబు బీడీ కొట్టు. అక్కడినుంచి ఒక చర్చి కాపలాదారు. పెద్దాసుపత్రిలో అడిగాం, ఆ పేరుతో ఎవరూ లేరన్నారు. ఒక్కొక్కరూ ఇంకొంచెం ఉత్తరానికి చెయ్యి చూపించారు. నేను మద్రాసును అలా తెలుసుకున్నాను. ఒక పేట ఆయన్ను పక్క పేటకు పంపింది, అది ఇంకో పేటకు పంపింది. ఎవరూ తిట్టలేదు, ఎవరూ కొట్టలేదు. భయపడ్డారు, అంతే. పేట మారేకొద్దీ ఇళ్ళు చిన్నవయ్యేవి, కుళాయిల దగ్గర బిందెల వరస పొడుగయ్యేది, గాలిలో ఉప్పు వాసన పెరిగేది.

చివరికి రాయపురం దగ్గర రైలు గేటు పక్కన ఆనవాలు తెగిపోయింది. గేటు కాపలావాడు, చుట్టుపక్కల కొట్లవాళ్ళు, ఎవరిని అడిగినా తల అడ్డంగా ఊపారు. అవతల ఎటు చూసినా సందులు. నేనింక నడవలేక మూసి ఉన్న ఒక కొట్టు అరుగు మీద కూర్చున్నాను. పట్టపగలు, ఎండ తీవ్రంగా ఉంది. మామగారు నా పక్కన కూర్చుని కండువాతో ముఖం తుడుచుకున్నారు.

కాసేపటికి ఆయన లేచి నిలబడ్డారు. ఎదురుగా ఉన్న సందుల్లో ఒకదానివైపు చూసి, "ఇటు పోదాం రా" అన్నారు.

ఏదో ఒక సందు చూడాలి కదా అని నేనూ లేచాను. కొంచెం దూరం పోయాక నాకు అర్థమైంది, ఆయన నా ముందు నడుస్తున్నారు. అన్ని రోజులూ నా సంచి కొస పట్టుకుని వెనక వచ్చిన మనిషి. సందు రెండుగా చీలిన చోట ఆగలేదు, అటూ ఇటూ చూడలేదు. మా ఊళ్ళో రేవుకు పోతున్నట్టు పోతున్నారు. ఎవరికీ పక్కకు తప్పుకోవడం లేదు. ఒకచోట కిందికి చూడకుండానే పెద్ద అంగ వేశారు. వెనక నేను ఆయన దాటిన చోటే అడుగుపెట్టాను. మురుగుకాలువ మీద పరిచిన రాయి అది, నా కాలికింద తిరగబడబోయింది.

"మామా, ఈ దారి నీకు ఎవరైనా చెప్పినారా?" అని అడిగాను.

ఆయన నడక ఆపలేదు. కొంచెం ముందుకు పోయాక, "ఆ మూలన కుక్క ఉంటాది. నువ్వు నా పక్కన రా" అన్నారు.

మూల తిరిగితే కుక్క ఉంది. గోధుమరంగుది, ఒక చెవి చిరిగి ఉంది. నన్ను చూసి పళ్ళు బయటపెట్టింది. ఆయన దగ్గరకు వచ్చి పాదాలు వాసన చూసి తోక ఊపింది. కొంతదూరం మా వెంట నడిచింది కూడా. కుక్కలు కొందరికి ఇట్టే మచ్చిక అవుతాయి, నిజమే. అప్పుడు నేనూ అలాగే అనుకున్నాను.

ఇంకో మలుపులో ఒకామె పొయ్యి పెట్టుకుని బియ్యప్పిండితో ఆపాలు పోస్తోంది. ఆమె తలెత్తి, "ఏం పెద్దాయనా, కనపడకుండా పోయినారే" అంది. మామగారు ఆమెకు దణ్ణం పెట్టారు. ఎవరో అనుకుని పొరబడిందని నాకు నేను చెప్పుకున్నాను. కానీ సంచి గుండెకు హత్తుకుని ఆయనకు ఇంకా దగ్గరగా నడిచాను. 

ఆయన ఒక ఇరుకు నడవ ముందు ఆగారు. లోపల చీకటిగా ఉంది. వెళుతూ వెళుతూ ఆయన తల వంచారు. నేను వంచలేదు, దూలం నా నుదుటికి తగిలింది. నడవ దాటితే చిన్న వాకిలి, మధ్యలో కుళాయి, రెండు వైపులా ఎదురెదురుగా గదులు. కుళాయి దగ్గర ఒక నడివయసు ఆమె బూడిదతో గిన్నెలు తోముతోంది. మమ్మల్ని చూసి లేచింది. నన్ను కాదు, ఆయన్నే చూస్తోంది.

"ఇప్పుడా వచ్చేది?" అంది. గొంతు పెంచింది. "మట్టి చేసి నెలైన తర్వాతనా? కన్న బిడ్డను అట్ల వదిలేసి పోతారా ఎవురైనా? చెప్పాపెట్టకుండా పోతిరే! మేము ఎవురు మీకు? మేము మోసుకొని పోవాలనా?"

 మామగారు చేతులు రెండూ కండువాలో చుట్టుకుని నిలబడ్డారు.

"ఏ బిడ్డమ్మా? ఎవరి గురించి చెబుతున్నారు?" అని నేనడిగాను.

"ఈయన కొడుకు. రత్నం అని, అచ్చాఫీసు పిల్లోడు. నువ్వెవురు?"

నేను ఆయన భార్యనని చెప్పాను. ఆమె బూడిద చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అలా తెలిసింది నాకు.

తర్వాత ఎంతసేపు గడిచిందో, నేనేం చేశానో నాకు వరసగా గుర్తులేదు. నన్ను గోడకు ఆనించి కూర్చోబెట్టారు. ఎవరో మజ్జిగ ఇచ్చారు. ఆమె పేరు సరోజమ్మ. వాళ్ళాయన రేవులో బండి లాగేవాడు. రత్నం దగ్గుతూ వచ్చి గది అడిగితే, తన పెద్దకొడుకులా ఉన్నాడని ఇచ్చిందట. గంజి కాచి గుమ్మంలో పెట్టేదట. లోపలికి వెళ్ళడానికి తనకూ భయమేనని దాచకుండా చెప్పింది.

ఆమె చెప్పింది ఇది. తమిళుల ఉగాది నాడు, అంటే ఏప్రిల్ నడిమధ్య, పొద్దున ఈ పెద్దాయన వచ్చాడు. ఎలా వచ్చాడో ఆమె చూడలేదు, గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. ఎవరని అడిగితే రత్నమే "మా నాయన" అన్నాడు. ఆ రోజునుంచి రాత్రింబవళ్ళు అక్కడే ఉన్నాడు. నీళ్ళు తాగించాడు, నెత్తురు తుడిచాడు, ఒళ్ళు కడిగాడు. ఆపాలామె దగ్గరికి వెళ్ళి కొడుక్కి ఆపం తెచ్చాడు. తను తినగా ఆమె చూడలేదు. నాలుగైదు రోజులు గడిచాక ఒక ఉదయం రత్నం చనిపోయి ఉన్నాడు. కళ్ళు మూసి, చేతులు గుండెల మీద పెట్టి ఉన్నాయి. పెద్దాయన లేడు. ఆమెకు అదే కోపం. చుట్టుపక్కలవాళ్ళు చందాలు వేసుకుని, చర్చివాళ్ళను పిలిచి సమాధి చేయించారు.

నేను ఆమె మాటకు అడ్డం పడ్డాను. మామగారు అప్పుడు మైపాడులో ఉన్నారని చెప్పాను. ఇక్కడ రాయాల్సింది ఇదే. ఆయనకు జబ్బు చేసింది సరిగ్గా ఆ రోజుల్లోనే. తమిళుల ఉగాదికి ముందురోజు బాడిస చేతిలో ఉండగానే పడిపోయారు. విషజ్వరం అన్నాడు మా ఊరికి సైకిలు మీద వచ్చే కాంపౌండరు. ఆ రోజులన్నీ ఆయనకు స్పృహ లేదు. నేను బడికి సెలవు పెట్టి మంచం దగ్గరే ఉన్నాను, పొయ్యి దగ్గరికి తప్ప కదల్లేదు. రోజూ కాంపౌండరు చూశాడు, సంఘ పెద్దలు వచ్చి ప్రార్థన చేశారు. లేచి కూర్చోలేని మనిషి అంత దూరం ఎలా పోగలడు?

"నేనెందుకమ్మా అబద్ధం చెప్తాను?" అంది సరోజమ్మ. "ఆ చేతులు బయట పెట్టమను. కుడిచేతి వేలు సగం ఉండదు. నేను గంజి గిన్నె ఇచ్చేటప్పుడు చూసినా."

మామగారు కండువాలోంచి చేతులు బయటికి తీశారు.

గదికి సున్నం కొట్టించి, మంచాన్ని వాకిట్లో ఎండకు నిలబెట్టి ఉంచారు. ఎవరూ దాన్ని ముట్టుకోవడం లేదు. నులక మంచం, ఒక కోడు విరిగితే కట్టి ఉంది. "అదీ ఈయన కట్టిందే, పిల్లోడు పక్కకు ఒరిగిపోతా ఉన్నాడని" అంది సరోజమ్మ. మామగారు వెళ్ళి దాని ముందు చతికిలబడ్డారు. నేనూ చూశాను. విరిగినచోట చిన్న చెక్క ముక్క ఆనించి, పైన కొబ్బరి తాడు చుట్టి, పలకలు కుట్టినట్టు లోపలికి లాగి ముడివేసి ఉంది.

రాయపురం తీరంలో కూడా అలా పడవలు కుట్టేవాళ్ళున్నారు, ఆ సంగతి నాకు తెలుసు. రత్నం కూడా చిన్నప్పుడు తండ్రి దగ్గర నేర్చుకుని ఉండవచ్చు. ఈ రెండూ నేను ఆలోచించాను. కానీ ఆ చుట్టు ఎడమచేతి వాటం మనిషిది, ఎదురు దిక్కున తిరిగి ఉంది. రత్నానిది కుడిచెయ్యి. పైగా చివరి రోజుల్లో ఆయన తనంతట తాను లేచి కూర్చోలేకపోయాడని సరోజమ్మే చెప్పింది.

మామగారు ఆ ముడి మీద చెయ్యి వేసి ఏడ్చారు. ఆయన ఏడవడం నేను అంతకుముందు చూడలేదు.

మధ్యాహ్నం సమాధుల తోటకు వెళ్ళాం. దారి సరోజమ్మ చూపించింది. అక్కడికి మాత్రం మామగారికి దారి తెలియలేదు. మళ్ళీ నా సంచి కొస పట్టుకుని వెనకే వచ్చారు. గోడవారన ఒక మట్టి దిబ్బ, దాని మీద పేరు లేదు. మర్నాడు మామగారు దగ్గర్లో బళ్ళు చేసే వడ్రంగి దగ్గర కూర్చుని, అతని పనిముట్లే అడిగి తీసుకుని సిలువ చేశారు. పేరు నేను రాశాను, ఆయన ఉలితో చెక్కారు. పాతి వచ్చేశాం.

తిరుగు రైల్లో నేను అడిగాను. "మామా, నీకు ఆ దారి ఎట్టా తెలుసు?"

ఆయన కిటికీ వైపు తిరిగారు.

"నాకు తెలియదమ్మా. కాళ్ళు పోతా ఉంటే నేనూ పోయినా" అన్నారు. కండువా సర్దుకుని, "జరంలో నాకు ఏందో పని ఉన్నట్టు ఉండేది. ఎవురికో నీళ్ళు పోస్తానే ఉండా, తుడస్తానే ఉండా. ఎంత చేసినా తీరలా. ఎవురో తెలియలా. మొకం కనపడలా సుగుణా. ఒక్కసారైనా కనపడలా" అన్నారు.

అంతకుమించి ఆ విషయం ఆయన ఎన్నడూ మాట్లాడలేదు. నేనూ కదిలించలేదు. నా భర్త చివరి రోజుల్లో ఒంటరిగా లేడన్న మాట నాకు కొంత ఊరట ఇచ్చింది, ఒప్పుకుంటాను. కానీ మామగారికి అది ఊరట కాలేదు. అంత దగ్గర కూర్చుని కొడుకు ముఖం చూడలేకపోయానని ఆయన లోలోపల కుమిలిపోయారు. సాయంత్రాలు ఇసుకలో కూర్చుని తన చేతుల వైపే చూసుకునేవారు. నేను పుట్టింటికి పోలేదు, ఆయన దగ్గరే ఉండిపోయాను. కొన్నేళ్ళకు, ఒక వానాకాలం, ఆయన పోయారు. ఈసారి కళ్ళు మూసింది నేనే.

ఆ మరుసటి వేసవిలో సమాధి చూసి రావాలని మళ్ళీ మద్రాసు వెళ్ళాను. కరుణక్క కూడా వచ్చింది. సిలువ ఒక పక్కకు ఒరిగింది గాని నిలిచే ఉంది. అక్కడినుంచి సరోజమ్మను చూడటానికి వెళ్ళాం. ఆమె తల నెరిసింది. మామగారు పోయారని చెబితే కళ్ళు తుడుచుకుంది. కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"నీ పేరేందమ్మా? అప్పుడు ఆ ఏడుపుల్లో అడగనే లేదు" అంది.

"సుగుణ" అన్నాను.

ఆమె పీట నా దగ్గరికి లాక్కుంది. "సుగుణ అంటే నువ్వేనా" అంది. తర్వాత చెప్పింది.

"పోయే ముందురోజు ఆ పిల్లోడు, 'నాయనా, సుగుణ రాలేదా' అని అడిగినాడు. నేను గంజి పట్టుకొని గుమ్మంలోనే ఉన్నా. పెద్దాయన ఏమన్నాడో తెలుసా? 'ఇక్కడే ఉండాది నాయనా. నా పక్కనే కూర్చోనుండాది. నా నొసటి మీద తడిగుడ్డ వేస్తా ఉండాది' అన్నాడు. నా నొసటి మీద అన్నాడమ్మా, బిడ్డ నొసటి మీద అనలా. ముసలాయన తడబడినాడని అనుకున్నా. పక్కన చూస్తే ఎవురూ లేరు. ఆ పిల్లోడు మాత్రం అటు తిరిగి చూసినాడు. చూసి నవ్వినాడు. చాలాసేపు అటే చూస్తా ఉండినాడు."

కరుణక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. 

మామగారికి స్పృహ లేని ఆ రోజుల్లో నేను చేసిన పని అదే. బావి నీళ్ళలో గుడ్డ తడిపి ఆయన నుదుటి మీద వేయడం, వేడెక్కితే తీసి మళ్ళీ తడపడం. ఈ సంగతి నేను మద్రాసులో ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమే రాలేదు.

ఎన్నోసార్లు దీన్ని లెక్కలాగా వేసి చూశాను. ఎక్కడో ఒకచోట తప్పు ఉండే ఉంటుంది, దొరుకుతుందని అనుకున్నాను. దొరకలేదు. కరుణక్క ఇది దేవుడి దయ అంటుంది. నేను అవునని అనలేను, కాదనీ అనలేను. ఆ వారమంతా నేను మైపాడు దాటలేదు. తల వంచుకుని గుడ్డ పిండుకుంటూ కూర్చున్నాను. రత్నం నవ్విన ఆ క్షణంలో నేను ఎటు చూస్తున్నానో గుర్తు తెచ్చుకోవాలని ఇప్పటికీ ప్రయత్నిస్తుంటాను. గుర్తు రావడం లేదు.